బండి రిపేరా సార్?

పోస్టుమాస్టరు జవాబులు: పాఠకుల ప్రశ్నల శీర్షిక

పోయిన సంచికలో పెన్షన్ గురించి రాస్తూ, మార్కెట్టుకు ఇప్పటికీ సైకిల్ మీదే పోతానని మాటవరసకు ఒక వాక్యం రాశాను. పెన్షన్ గురించి అడిగినవాళ్లు తక్కువ, సైకిల్ గురించి అడిగినవాళ్లు ఎక్కువ. అందులోనూ చాలామంది అడిగింది ఒకటే: ఆఫీసులో తోటివాళ్లను సైకిల్ ఎక్కించడం ఎట్లా? అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. పెన్షనర్లు మన్నించాలి.

కొత్త పాఠకులకు నా సంగతి రెండు ముక్కల్లో. అనంతపురంలో పోస్టుమ్యాన్‌గా చేరి, శాఖాపరమైన పరీక్ష రాసి గుమస్తానై, చివరికి సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయ్యాను. సైకిల్ నాకు సరదాగా మొదలు కాలేదు, ఉద్యోగంతో పాటు వచ్చింది. ఎండలో, ఎదురుగాలిలో, సంచి బరువుతో తొక్కినవాణ్ణి కాబట్టి దాన్ని పొగడటంలో నాకు కాస్త పిసినారితనం ఉంది.

ప్రశ్న: నేను అనంతపురంలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాను. ముప్పై మంది దాకా ఉంటాం. సాయినగర్, కమలానగర్, రామ్‌నగర్, రుద్రంపేట... సగం మంది ఇళ్లు నాలుగైదు కిలోమీటర్ల లోపే. అయినా అందరూ బండ్ల మీదే వస్తారు. పార్కింగ్ దగ్గర రోజూ గొడవే. నేను కొన్ని నెలలుగా సైకిల్ మీద వస్తున్నాను. మిగతావాళ్లు కూడా వస్తే బాగుంటుందని పర్యావరణం గురించి, గుండె జబ్బుల గురించి వాట్సాప్ గ్రూపులో పోస్టర్లు పెట్టాను. అందరూ బొటనవేలి బొమ్మ పెట్టారు, ఒక్కరూ రాలేదు. పైగా కనిపించిన ప్రతివాడూ ‘బండి రిపేరా సార్?’ అంటున్నాడు. ఏం చేయమంటారు?
(ఒక ఉద్యోగి, అనంతపురం)

జవాబు: ముందు ఆ పోస్టర్లు ఆపేయండి సార్. సైకిల్ తొక్కితే ఒంటికి మంచిదని తెలియనివాడు మీ ఆఫీసులో ఒక్కడైనా ఉంటాడా? తెలిసిన విషయాన్ని పొద్దున్నే ఫోన్లో మళ్లీ చెప్పించుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

అసలు సంగతి మిమ్మల్ని వాళ్లు అడిగే ప్రశ్నలోనే ఉంది. ‘బండి రిపేరా’ అంటే ఏమిటి? సైకిల్ మీద వచ్చావంటే గతిలేక వచ్చి ఉంటావని. వాళ్లలో ఎవరైనా రేపు సైకిల్ ఎక్కితే అదే ప్రశ్న వాళ్లకూ ఎదురవుతుంది. వీధిలో ఒకసారి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో ఒకసారి, టీ అంగడి దగ్గర ఇంకోసారి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికి మొహమాటపడి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. గుండె జబ్బు ఎప్పుడో వచ్చేది, ఈ ప్రశ్న రేపు పొద్దున్నే వచ్చేది.

ఇంకొంచెం లోపలికి పోదాం. మీ ఆఫీసులో యాభై ఏళ్ల దగ్గర్లో ఉన్నవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించండి. చాలామంది పల్లె నుంచి హైస్కూలుకు నాయన సైకిల్ మీద, సీటు అందక బారు కింద కాలు దూర్చి తొక్కుకుంటూ వచ్చినవాళ్లే అయి ఉంటారు. హ్యాండిల్‌కు పాలక్యాను, వెనక క్యారియర్ మీద చెల్లెలు. ఉద్యోగం రాగానే వాయిదాల మీద కొన్న మొదటి వస్తువు బండి. ఆ బండి కోసం, అంటే ఆ సైకిల్ దిగడం కోసమే చదివామని అనుకునేవాళ్లు వాళ్లు. అట్లాంటి మనిషికి సైకిల్ అనగానే వ్యాయామం గుర్తుకు రాదు. ఫీజు కట్టలేక క్లాసు బయట నిలబడిన రోజు గుర్తుకొస్తుంది. ఆయనకు పోయి సైకిల్ గొప్పతనం చెబితే ఎట్లుంటుందో మీరే ఆలోచించండి. నాకు పోస్టుమాస్టరు ఉద్యోగం వచ్చిన వారంలోనే మా ఇంటావిడ, ‘ఇంక దాన్ని ఎవరికన్నా ఇచ్చేయండి, చూసేవాళ్లు ఏమనుకుంటారు’ అంది. ఆమె తప్పేం లేదు. పోస్టుమ్యాన్ భార్యగా ఆమె విన్న మాటలు ఆమెవి.

కాబట్టి గ్రూపులో పిలవడం మానేసి, ఒక్క మనిషిని పిలవండి. మీరు వచ్చే దారిలోనే ఇల్లున్నవాణ్ణి, మీతో టీ తాగే చనువున్నవాణ్ణి ఎంచుకోండి. సైకిల్ కొనుక్కో అనవద్దు. కొనమన్న చోటే కథ ఆగిపోతుంది. ‘మా తమ్ముడి సైకిల్ ఊరికే పడి ఉంది. రేపు సాయంత్రం మీ ఇంట్లో పెట్టి పోతా. ఎల్లుండి పొద్దున తొమ్మిదికి మీ వీధి చివర నిలబడతా, కలిసి పోదాం’ అనండి. ఇందులో ఆయన ఆలోచించుకోవాల్సింది ఏమీ లేదు, ఊ అంటే చాలు. ఇద్దరు కలిసి గేట్లోకి వస్తే వాచ్‌మన్ ‘రిపేరా’ అని అడగడు. ఇద్దరి బండ్లు ఒకే రోజు చెడిపోవు కదా.

రెండోది చెప్పడానికి నాకే కాస్త ఇబ్బందిగా ఉంది, అయినా చెబుతా. కారున్న పెద్దమనిషిని ఒకరిని పట్టుకోండి. అటెండరు సైకిల్ మీద వస్తే పాపం అంటారు, మేనేజరు వస్తే ‘ఏం సార్, ఫిట్‌నెసా’ అంటారు. ఇది న్యాయం కాదు, కానీ లోకం తీరు అట్లే ఉంది. మేనేజరు వారానికి ఒక్కరోజు సైకిల్ తెచ్చి, అటెండరు సైకిల్ పక్కనే స్టాండు వేస్తే, అటెండరుకు కూడా ఆ రోజు నుంచి మర్యాద పెరుగుతుంది.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది నీడ. మీ ఆఫీసులో సైకిల్ ఎక్కడ పెడుతున్నారు? నా అంచనా, కార్లకు షెడ్డు, బండ్లకు చెట్టు, సైకిల్‌కు గోడవారన ఎండ. మన ఊళ్లో మార్చి దాటాక సాయంత్రం ఐదున్నరకు పోయి ఆ నల్ల సీటు మీద కూర్చుని చూడమనండి! ప్యాంటులోంచి కాలుతుంది. పైగా పాత ట్యూబుకు వేసిన అతుకు ఆ వేడికి వదులై నెమ్మదిగా గాలి దిగిపోతుంది. ఇంటికి పోదామని వచ్చేసరికి టైరు నేలకు అంటుకుపోయి ఉంటుంది. ఒక్కసారి అట్లా జరిగితే ఆ మనిషి మళ్లీ సైకిల్ తేడు. కాబట్టి పోస్టర్లకు పెట్టిన శ్రమ రేకుల షెడ్డులో ఒక మూల సంపాదించడానికి పెట్టండి. మేనేజరుతో పర్యావరణం మాట్లాడొద్దు, పార్కింగ్ మాట్లాడండి. ఒక కారు నిలిచే చోట సుమారు పది సైకిళ్లు పడతాయి. గొడవతో విసిగిపోయిన మేనేజరుకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. షెడ్డులో నిలబెట్టి కొట్టే గాలిపంపు ఒకటి, బాత్రూములో చొక్కా తగిలించుకోవడానికి ఒక కొక్కెం, ఒక అద్దం. ఖర్చు అంతే. ముఖం కడుక్కుని చొక్కా మార్చుకునే చోటు ఉంటే చెమట గురించి భయం సగం పోతుంది.

డబ్బు ఆదా అవుతుందని మాత్రం ఊరించకండి. లెక్క వేసి చూపిస్తా. పోనూ రానూ రోజుకు ఎనిమిది కిలోమీటర్లు, నెలకు 24 పనిదినాలు, మొత్తం 192 కిలోమీటర్లు. బండి లీటరుకు 45 ఇస్తే నాలుగు లీటర్ల పైచిలుకు. లీటరు వంద దాటి ఏళ్లయింది కాబట్టి నాలుగైదు వందలు. ఇంటిల్లిపాదీ ఒకసారి బిర్యానీ తింటే సరి. దీనికోసం ఎవరూ చెమటోడ్చరు. ఆరోగ్యం లెక్క మాత్రం బాగా కుదురుతుంది. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నాలుగు కిలోమీటర్లకు నిదానంగా తొక్కినా పావుగంట పడుతుంది. పోనూ రానూ అరగంట, వారానికి ఐదు రోజులు. సరిగ్గా 150. వాకింగ్‌కు టైము లేదని బాధపడేవాళ్లకు ఈ ముక్క చెప్పండి, అదీ వాళ్లు అడిగినప్పుడే.

ఉద్యోగిని సైకిల్ ఎక్కించడానికి ఒకప్పుడు సర్కారే డబ్బిచ్చేది. కేంద్ర ఉద్యోగులకు సైకిల్ కొనుక్కోవడానికి వడ్డీ లేని అడ్వాన్సు ఉండేది. ఏడో వేతన సంఘం తర్వాత 2016లో అది పోయింది. నెలనెలా వచ్చే సైకిల్ అలవెన్సును కూడా ఎత్తేయమనే ఆ సంఘం చెప్పింది. కానీ పోస్టుమ్యాన్లకు, రైల్వే ట్రాక్‌మన్లకు ఉంచి, 2017లో 90 రూపాయలను 180 చేశారు. బెల్జియంలో అయితే సైకిల్ మీద ఆఫీసుకు వచ్చేవాళ్లకు కంపెనీలు కిలోమీటరుకు ఇంతని లెక్కగట్టి ఇస్తాయి. మీ ఆఫీసు అంత పని చేస్తుందని నేననుకోను. పంపు కొనిపెట్టమనండి, చాలు.

ప్రశ్న: మా ఇల్లు అనంతపురంలో, నేను టీచరుగా పనిచేసే స్కూలు బుక్కరాయసముద్రం వైపు. స్కూటీ మీద పోతాను. సైకిల్ మీద పోవాలని ఉంది. నేను మొదలుపెడితే మా స్కూల్లో ఇంకో ఇద్దరు టీచర్లు కూడా వస్తామంటున్నారు. కానీ చీరతో ఎట్లా? పిల్లలు నవ్వుతారేమో. పైగా ఆషాఢం గాలికి స్కూటీయే పక్కకు పోతుంది.
(ఒక టీచరు, అనంతపురం)

జవాబు: పిల్లల సంగతి ముందు చెబుతానమ్మా. మీ స్కూల్లో ఆడపిల్లలు సైకిళ్ల మీదే వస్తూ ఉంటారు కదా! ‘బడికొస్తా’ పథకం కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సర్కారు సైకిళ్లిచ్చిన సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. పిల్ల సైకిల్ మీద, టీచరు స్కూటీ మీద వస్తున్నారు. మీరు సైకిల్ దిగిన మొదటిరోజు నవ్వుతారు, నిజమే. రెండో రోజు మీ వెనక వరస కడతారు. ‘మేడమ్, మీ చైను వదులుగా ఉంది’ అని సలహాలు కూడా ఇస్తారు, ఓపిక పట్టాలి.

చీర కష్టమే, దాచడం ఎందుకు. చుడీదార్‌తో పోయి స్కూల్లో మార్చుకోగలిగితే మేలు. చీరే కట్టుకోవాలంటే కొంగు నడుముకు దోపి పిన్ను పెట్టుకోండి. సైకిల్ మాత్రం చైను మొత్తం మూసేసే డబ్బా ఉన్నది, వెనక చక్రానికి రెండువైపులా వలగానీ కవరుగానీ ఉన్నది తీసుకోండి. లేడీస్ సైకిల్ పేరుతో అమ్మేవాటిలో కూడా ఈమధ్య సగం చైనుకే కవర్ ఇస్తున్నారు. అంగట్లో వంగి చూసి మరీ కొనండి. కుచ్చిళ్లు పట్టుకునేది ఆ మిగతా సగమే.

గాలి విషయంలో మీకు అదృష్టం సగమే ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మన జిల్లాలో గాలి పడమటి వైపు నుంచే కొడుతుంది. ఈ గాలిని నమ్ముకునే కదా రామగిరిలో, వజ్రకరూరులో గాలిమరలు పెట్టింది. బుక్కరాయసముద్రం మన ఊరికి తూర్పున ఉంది. పొద్దున పోయేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, తొక్కాల్సిన పనే ఉండదు. తిప్పలన్నీ సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడే. నాకు బళ్లారి రోడ్డు బీటు ఉన్నప్పుడు ఇది తిరగబడేది. పొద్దున సంచి నిండుగా ఉన్నప్పుడు ఎదురుగాలి, మధ్యాహ్నం ఖాళీ సంచితో వచ్చేటప్పుడు వెనకగాలి. ఎదురుగాలితో పోట్లాడకూడదు. వేగం తగ్గించి, మోచేతులు వంచి, కాస్త ముందుకు వంగి పోవాలి. ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, పడనీయండి. గాలిదుమ్ము లేచిన రోజు మాత్రం దిగి పక్కన నిలబడండి. కంట్లో దుమ్ము పడితే పక్కన వచ్చే లారీ కనపడదు.

ముగ్గురు టీచర్లు కలిసి మొదలుపెట్టడం మంచి ఆలోచన. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా సంగతి విన్నారా? 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా సైకిల్ నేర్పించారు. షీలా రాణి చుంకత్ అనే కలెక్టరు పూనుకుని ఆడవాళ్లకు సైకిల్ అప్పులు ఇప్పించారు. లేడీస్ సైకిళ్లు దొరక్కపోతే మగవాళ్ల సైకిళ్లే కొన్నారు, ముందు బారు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని. లక్షమందికి పైగా పల్లె ఆడవాళ్లు నేర్చుకున్నారు. వాళ్లలో చాలామంది చీరల్లోనే తొక్కారమ్మా.

ప్రశ్న: గేర్ల సైకిల్ కొనాలా, మామూలుదా? కొత్తగా మా ఆఫీసులో నలుగురం కొందామనుకుంటున్నాం.
(అనంతపురం)

జవాబు: మామూలుది. మన ఊళ్లో టవర్ క్లాక్ దగ్గరి ఫ్లైఓవర్ తప్ప ఎక్కాల్సిన గుట్ట ఏముంది? దానికీ ఆయాసం వస్తే దిగి తోసుకుంటూ పోండి, ఎవరూ కేసు పెట్టరు. కుర్రవాళ్లు కొంటున్న ఆ లావు టైర్ల సైకిళ్లు చూడటానికి బాగుంటాయి, తొక్కితే రోడ్డుకు అతుక్కున్నట్టు ఉంటాయి. మడ్‌గార్డు, క్యారియర్, స్టాండు, బెల్లు ఉన్న సైకిల్ కొనండి. ఇవి లేని సైకిల్ ఆఫీసుకు పనికిరాదు. టిఫిన్ క్యారియర్ ఎక్కడ పెడతారు మరి?

కొన్నాక ఒక్క పని చేయండి. నలుగురికీ అదే రోజు సీటు ఎత్తు సరిచేయించండి. అంగడివాడు కాళ్లు నేలకు ఆనేంత కిందికి దించి ఇస్తాడు, కొనేవాడికి ధైర్యంగా ఉంటుందని. అట్లే తొక్కితే వారంలో మోకాళ్లు లాగుతాయి. సీటు మీద కూర్చుని ఒక పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి, దాని మీద మడమ ఆనించండి. కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా మాత్రమే వంగుతుంది. అదే సరైన ఎత్తు. ఆపినప్పుడు మునివేళ్లు నేలకు తగిలితే చాలు. ‘సైకిల్ తొక్కితే మోకాళ్లు అరిగిపోతాయి’ అనే మాట ఎక్కువగా పుట్టేది ఈ సీటు దగ్గరే.

ప్రశ్న: మేం ముగ్గురం కలిసి ఆఫీసుకు సైకిళ్ల మీద పోతున్నాం. ఊరి చివర కొత్త లేఅవుట్ల మీదుగా దారి. వారం తిరగకముందే ఎవరో ఒకరికి పంక్చర్. ఒకరు విసిగిపోయి మళ్లీ బండి తీశారు. మొన్న నాకు అతుకు వేయించిన గంటకే మళ్లీ గాలి పోయింది. అంగడివాడు మోసం చేస్తున్నాడంటారా?
(ఒక పాఠకుడు, తాడిపత్రి)

జవాబు: పాపం, వాణ్ణి అనుమానించకండి. మీ దొంగ టైరులోనే కూర్చుని ఉన్నాడు. కొత్త లేఅవుట్లంటే ప్లాట్లు వేసి వదిలేసిన బీళ్లు. అక్కడ పెరిగేవి రెండే, సర్కారు తుమ్మ, పల్లేరు. తుమ్మ ముల్లు పొడుగ్గా ఉంటుంది కాబట్టి దిగితే కనపడుతుంది. పల్లేరుకాయ అట్లా కాదు. కాయ రోడ్డు మీదే రాలిపోయి, మొన ఒక్కటి విరిగి టైరులో ఉండిపోతుంది. బయటికి నల్లచుక్క లాగా కూడా కనపడదు. ట్యూబుకు అతుకు వేసి అదే టైరులో పెట్టగానే, గాలి నిండి ట్యూబు పొంగిన కొద్దీ ఆ మొన మళ్లీ గుచ్చుకుంటుంది. మీ రెండో పంక్చర్ అదే.

ఈసారి ట్యూబు నీళ్లలో ముంచి బుడగ ఎక్కడ వచ్చిందో చూశాక, వాల్వు నుంచి అది ఎంత దూరంలో ఉందో జానతో కొలుచుకోండి. టైరు లోపల అదే దూరంలో వెతకండి, వాల్వుకు అటూ ఇటూ రెండువైపులా. వేలితో తడమొద్దు, చీరుకుంటుంది. పాత బనీను ముక్క తీసుకుని లోపలంతా తుడవండి. ముల్లు ఎక్కడుంటే అక్కడ దారం పట్టుకుని లాగుతుంది. గోరుతో రాకపోతే గోళ్లు కత్తిరించేదానితో పట్టి పీకేయండి. ఒక ముల్లు దొరికిందని ఆగిపోవద్దు, గుడ్డ చుట్టూ తిరిగి వచ్చేదాకా తుడవండి. పల్లేరు ఎప్పుడూ ఒంటరిగా రాదు.

గాలి కూడా చూసుకోండి. చాలామంది బొటనవేలితో నొక్కి సరే అనుకుంటారు. గాలి తక్కువైన టైరు రోడ్డును ఎక్కువగా తాకుతుంది, ముల్లూ ఎక్కువగా ఎక్కించుకుంటుంది. టైరు పక్కన ఎంత గాలి కొట్టాలో అచ్చువేసి ఉంటుంది, ఆ అంకె దాకా కొట్టించండి. టైరు మధ్యలో గాడులు అరిగి నున్నగా అయిపోతే మార్చేయండి. విసిగిపోయిన ఆ మిత్రుడి సైకిల్ అడిగి తెచ్చి, ఒక ఆదివారం మీరే టైరు తుడిచి ఇవ్వండి. మళ్లీ రమ్మని పది మాటలు చెప్పడం కంటే ఇది పనికొస్తుంది.

ప్రశ్న: మా మేనేజరు ప్రతి శనివారం అందరూ సైకిల్ మీదే రావాలని సర్క్యులర్ ఇచ్చారు. రానివాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తారట. కోడుమూరు నుంచి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఇది సబబేనా?
(కర్నూలు)

జవాబు: సబబు కాదు. బోర్డు మీద పేరు రాస్తే మనిషికి సైకిల్ మీద కోపం పుడుతుంది, మేనేజరు మీదైతే ఎట్లాగూ పుడుతుంది. కోడుమూరు నుంచి వచ్చేవాళ్లకు, మోకాళ్ల నొప్పులవాళ్లకు, చంటిబిడ్డను దింపి వచ్చేవాళ్లకు ఇందులో చోటెక్కడ? మీ మేనేజరు మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటారు. శనివారం ఆయనే ముందు వచ్చి, నీడన పది సైకిళ్లకు చోటు చూపించమనండి. ఇష్టమైనవాళ్లు వస్తారు.

ఈ ఒక్కరోజు ఉత్సవాలంటే నాకు మొదటి నుంచీ గురి లేదు. ఐక్యరాజ్య సమితి 2018లో జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ప్రకటించింది. ఆ రోజు పొద్దున బ్యానరు కట్టి, టోపీలు పంచి, జెండా ఊపి ఫోటో దిగుతారు. తర్వాత సైకిళ్లు ఆటోలో ఎక్కి వెళ్లిపోతాయి. 2020లో సరిగ్గా ఆ జూన్ 3నే ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో అట్లాస్ సైకిళ్ల ఫ్యాక్టరీ మూతపడింది. 1951 నుంచి సైకిళ్లు చేసిన కంపెనీ. నేను పేపర్లో ఆ వార్త చదివి మధ్యాహ్నం దాకా మామూలు మనిషిని కాలేకపోయాను. నా తొలి సైకిల్ అట్లాసే.

ప్రశ్న: యర్రముక్కపల్లిలో ఇల్లు, కోటిరెడ్డి సర్కిల్ దగ్గర ఆఫీసు. తోటి ఉద్యోగులు ఇద్దరు సైకిల్ మీద వస్తూ నన్నూ రమ్మంటున్నారు. మా ఆవిడ ససేమిరా అంటోంది. ఆటోలు, బస్సులు, ట్రాఫిక్ చూస్తే నాకూ కాస్త టెన్షనే.
(కడప)

జవాబు: మీ ఆవిడ చెప్పేదాంట్లో నిజం ఉంది. సైకిల్‌కు లైసెన్సు అక్కర్లేదు, ఇన్సూరెన్సు అక్కర్లేదు, అందుకే రోడ్డు మీద దానికి లెక్క కూడా లేదు. భయం లేదని చెప్పి ఎవరినీ సైకిల్ ఎక్కించకూడదు. హైవే మీద, బైపాస్ మీద ఆఫీసుకు సైకిల్ తొక్కమని నేను ఎవరికీ చెప్పను.

అయితే బండి మీద పోయే దారిలోనే సైకిల్ మీద పోవాలని ఎక్కడుంది? బండివాడికి మెయిన్ రోడ్డు దగ్గర, సైకిల్‌వాడికి సందులు దగ్గర. ఒక ఆదివారం పొద్దున ఆ ఇద్దరు మిత్రులతో కలిసి సందుల్లోంచి పోయి చూడండి, వీలైతే మీ ఆవిడను కూడా వెనక బండి మీద రమ్మనండి. దారి చూశాక ఆమె మాట మారవచ్చు. మారకపోతే ఆమె మాటే వినండి.

రోడ్డు మీద నేను పాటించేవి చెబుతా. ఆగి ఉన్న కారు పక్కన పోయేటప్పుడు తలుపు తెరిస్తే తగలనంత దూరం జరగాలి. ఆటో ముందు పోతుంటే అది ఏ క్షణాన్నైనా ఆగుతుందనే అనుకోవాలి, చేయి ఊపే మనిషి కనపడితే అది ఆగినట్టే. రోడ్డు అంచున ఇసుక మేట ఉంటే దాని మీద బ్రేకు కొట్టొద్దు. కుడికి తిరగడం కష్టమైతే దిగి, నడిచి దాటండి. చెవుల్లో పాటలు వద్దు. చీకటి పడితే వెనక ఎర్ర లైటు తప్పదు. హెల్మెట్ పెట్టుకోండి, నవ్వితే నవ్వనీయండి.

ప్రశ్న: ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండకు సైకిల్ తొక్కడం సాధ్యమా? మా గుంపు అప్పుడే చెదిరిపోతుందేమో.
(కర్నూలు)

జవాబు: ఎనిమిదిన్నర లోపు ఆఫీసు చేరి, సూర్యుడు దిగాక బయల్దేరగలిగితే తొక్కండి. లేకపోతే ఆ రెండు నెలలు మానేయండి. నేను ఆ ఎండలో ఉద్యోగం కోసం తొక్కాను. మీకు ఆ అవసరం లేదు. జూన్‌లో మొదటి వాన పడ్డాక ఎవరో ఒకరు ఫోన్ చేసి గుంపును లేపాలి, ఆ పని ఎవరిదో ఇప్పుడే అనుకోండి. వానాకాలం ఆగిపోతుందన్న భయమైతే అనంతపురం వాళ్లకు అసలు అక్కర్లేదు. ఏడాది మొత్తానికి మాకు కురిసేదే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటాను. తోటివాళ్లతో పాటు సైకిల్ మీద ఆఫీసుకు పోవచ్చా?
(గుంతకల్లు)

జవాబు: మీ డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. ఇన్సులిన్ తీసుకుని తొక్కితే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. ఆయన సరేనంటే జేబులో గ్లూకోజు పొట్లమో చక్కెర పొట్లమో పెట్టుకోండి, అరికాళ్లకు పుండ్లు పడకుండా బూట్లు వేసుకోండి, చెప్పులతో తొక్కొద్దు. మీతో వచ్చేవాళ్లలో ఒకరికి మీకు షుగర్ ఉన్న సంగతి, ఆ పొట్లం ఏ జేబులో ఉందో ముందే చెప్పి ఉంచండి.

వచ్చే సంచికలో పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ గురించి. ప్రశ్నలు ఇరవయ్యో తేదీ లోపు పంపండి. సైకిల్ ప్రశ్నలు ఇంకా ఉంటే అవి కూడా పంపండి కానీ, పెన్షన్ వాళ్లకే ముందు జవాబు.